మసి డబ్బా పీకిన ఆదివారం

నేను రిటైరై రెండేళ్లు దాటింది. అయినా వారానికి ఒకరిద్దరు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడుగుతారు: "సార్, డబ్బా తీసేద్దామా, ఉంచుదామా?" అడిగేవాళ్లంతా ఆదోని, ఎమ్మిగనూరు షెడ్లలో కొత్తగా స్పానర్ పట్టిన పిల్లలు. నేనేదో ఆ డబ్బా మీద పెద్ద చదువు చదివి పట్టా పుచ్చుకున్నట్టు అడుగుతారు. ఆ విషయంలో నాకున్న అర్హత ఒక్కటే. దగ్గరుండి దాన్ని తీయించి ఒక కుటుంబాన్ని నిలువునా ముంచినవాణ్ణి. ఇదంతా ఒకసారి రాసి పడేస్తే మాటిమాటికీ ఫోన్లో చెప్పుకుని సిగ్గుపడే బాధ తప్పుతుందని కూర్చున్నాను.

ముందు డబ్బా సంగతి. కొత్త నిబంధనలు వచ్చాక పెద్ద ట్రాక్టర్లకు సైలెన్సర్ దారిలో ఒక డబ్బా వచ్చి కూర్చుంది. పొగలో ఉండే మసిని అది పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని అక్కడే కాల్చేస్తుంది. బండి బరువైన పని చేస్తూ బాగా వేడెక్కి ఉంటే మనకు తెలియకుండానే ఆ పని అయిపోతుంది. చిల్లర పనులు చేస్తూ, మధ్యమధ్యలో ఊరికే నిలబడి గుడగుడమంటూ ఉంటే కాదు. అప్పుడు డాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలుగుతుంది. బండిని ఖాళీ స్థలంలో నిలబెట్టి, ఒక బటన్ నొక్కి, అరగంట దాని మానాన దాన్ని వదిలేయాలి. ఇంజన్ తనంతట తానే వేగం పెంచుకుని గట్టిగా అరుస్తుంది. అంతే. ఇంతకు మించిన విద్య ఈ కథకు అక్కర్లేదు.

ఆ అరగంటే మా వాళ్లకు గిట్టలేదు. హోటల్ ముందర అరకప్పు టీ పెట్టుకుని రెండు గంటలు రాజకీయాలు మాట్లాడే పెద్దమనిషికి కూడా, బండి అరగంట నిలబడి డీజిల్ తాగుతోందంటే కడుపు రగిలిపోయేది. "పొలంలో పొగొస్తే ఎవురికప్పా నష్టం? కొంగలకా?" అని నిలదీసేవాళ్లు. నేను కంపెనీ పుస్తకంలో ఉన్న జవాబు చెప్పేవాణ్ణి. చెబుతున్నప్పుడు నా మొహంలోనే నమ్మకం ఉండేది కాదు.

ఎందుకుంటుంది? ముప్పై నాలుగేళ్లు ఇంజన్ మీద చెవి పెట్టి జబ్బు చెప్పినవాణ్ణి. కౌతాళం నుంచి ఆలూరు దాకా, ఎమ్మిగనూరులో ఒక సారున్నాడు, సప్పుడు విని చెబుతాడు అని నాకు పేరు. ఆ పేరుతోనే షోరూం వర్క్‌షాపులో సూపర్‌వైజర్నయ్యాను. కొత్త బండ్లు వచ్చాక వాటికి జబ్బొస్తే నా చెవికి చెప్పడం మానేశాయి. ల్యాప్‌టాప్‌కి చెప్పడం మొదలుపెట్టాయి. నా చెవికి ఉద్యోగం పోయింది. ఆ కోపమంతా నేను డబ్బా మీద చూపించాను. పైకి మాత్రం రైతుల కష్టం చూడలేకపోతున్నట్టు మాట్లాడేవాణ్ణి.

మా షోరూం యజమానికి ఈ గొడవల్లో ఒక సిద్ధాంతం ఉండేది. ఆదివారం షెడ్డుకు సెలవు. సెలవు రోజు ఏం జరిగినా జరిగినట్టు కాదు. డబ్బా తీసేయమని గట్టిగా పట్టుబట్టిన రైతును ఆదివారం రమ్మనేవాళ్లం. ఆ రోజు చేసిన పనికి జాబ్ కార్డు రాసేవాళ్లం కాదు. యజమాని ఆ పూట తప్పకుండా గుడికి పోయేవాడు. బళ్లారి నుంచి ఒకతను బైకు మీద ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని వచ్చేవాడు. అతన్ని అందరూ డాక్టరు అనేవాళ్లు. డబ్బాను కోసి, లోపలున్న జల్లెడ లాంటి దిమ్మెను లాగేసి, మళ్లీ పైన వెల్డింగ్ చేసి రంగేసేవాళ్లం. చూస్తే డబ్బా ఉన్నట్టే ఉండేది, లోపల ఉత్తది. డబ్బా క్షేమంగానే ఉందని డాక్టరు బండి కంప్యూటరుకు నమ్మబలికి వెళ్లిపోయేవాడు. సోమవారం పొద్దున యజమాని విభూది రేకలతో వచ్చి, కంపెనీ నియమాలు ఎంత ముఖ్యమో మాకు పాఠం చెప్పేవాడు.

ఇట్లా సాగుతుండగా ఆ దంపతులు వచ్చారు.

కోసిగి దగ్గర ఒక పల్లె వాళ్లది. మెట్ట భూమి కొంచెం ఉంది. ఏటా పత్తి తీతలయ్యాక ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటేసుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు. ఆ పోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. పెద్ద కూతురికి చదువంటే ప్రాణం. ఏటా సగంలో బడి మానేసి, తిరిగొచ్చి, మళ్లీ మొదటి నుంచి పట్టుకునేది. ఇంకా ఎన్నేళ్లిట్లా అని ఆ పిల్ల తల్లి ఒక నిర్ణయానికి వచ్చింది. వాళ్ల ఊళ్లో దుక్కి చేసే పెద్ద రోటవేటర్ లాగే బండి లేదు. అట్లాంటి బండి తెస్తే ఊళ్లోనే ఏడాది పొడుగునా పని దొరుకుతుంది, సుగ్గికి పోయే అవసరం ఉండదు. లెక్క ఆమెది. బండి నడపడం భర్త వంతు.

మా షోరూంలో కొత్త బండి తాళాలు తీసుకునే రోజు ఆమె నాతో, "ఈ బండి తిరిగినన్నాళ్లు మేం ఊర్లోనే ఉంటాం సార్. నిలిచిపోయిందంటే మళ్లా సుగ్గే. జాగర్తగా సూడండి," అంది. నేను పెద్దరికంగా నవ్వి, ఇది ఏనుగమ్మా, నిలిచిపోయే రకం కాదన్నాను.

భర్త మంచివాడే, కాకపోతే పాటల పిచ్చోడు. బండికి ముందు కట్టింది రోటవేటర్ కాదు, రెండు పెద్ద సౌండు బాక్సులు. పొలం గట్టున నలుగురు కనబడితే చాలు, బండి నిలబెట్టి, బ్యాటరీ దిగిపోతుందని ఇంజన్ ఆపకుండా, కన్నడ పాటలు పెట్టి కూర్చునేవాడు. అట్లా నిలబడి నిలబడి డబ్బా మసితో నిండేది. లైటు వెలిగేది. కానీ ఆయుధ పూజ రోజు ఇంటిల్లిపాదీ డాష్‌బోర్డుకు భక్తిగా విభూది పట్టించి నడుమ కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు సరిగ్గా పసుపు లైటు మీద పడింది. దేవుడి బొట్టు తుడిచే ధైర్యం ఎవరికుంటుంది? లైటు బొట్టు వెనకాల ఎన్నాళ్లు వెలిగిందో ఎవరూ చూడలేదు.

బండి లాగడం తగ్గాక నేనే ఫోన్లో చెప్పి బొట్టు తుడిపించి, బటన్ నొక్కమన్నాను. ఆయన నొక్కింది వేరుశనగ కట్టె వామి పక్కన. మనిషి లేకుండా ఇంజన్ అరవడం మొదలుపెట్టేసరికి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. సైలెన్సర్ దగ్గర సెగ చూసి, వామి అంటుకుంటుందని కేకలేశారు. ఆయన ఠక్కున ఆపేశాడు. వామి సంగతిలో వాళ్ల భయం సరైనదే. తర్వాత ఖాళీ కల్లంలో పెట్టి నొక్కినా, పది నిమిషాలకే ఎవరో ఒకరు వచ్చి, ఊరికే డీజిల్ కాల్చేస్తున్నావేందిరా అని తిట్టడం, ఈయన సగంలో ఆపేయడం అలవాటైపోయింది. అట్లా ఎన్నిసార్లు ఆపాడో ఆయనకే గుర్తులేదు.

ఒకరోజు ఇద్దరూ బండేసుకుని ఎమ్మిగనూరు వచ్చారు. భర్త దిగీ దిగగానే మొదలుపెట్టాడు.

"అన్నా, ఈ డబ్బాతో నాకు గాదు. నేను బండి నడుపుతాండానా, ఇది నన్ను నడుపుతాండాదా? పీకి పారేయన్నా."

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"సార్, ఇంగొగటి. ఇంజన్‌లో ఆయిలు పెరుగుతాంది."

"పెరగడమేందమ్మా?"

"నేను పొద్దున్నే కడ్డీ తీసి సూస్తా గదా. మీరే సూడమన్నారు. మొదట్లో గీత కాడ ఉండె. ఇప్పుడు గీత దాటి పైకొచ్చింది. మేం సుక్క గూడ పొయ్యలేదు."

నేను అందరికీ వినబడేటట్టు అన్నాను. "అట్లయితే మీ ఇంట్లో లక్ష్మీదేవి వెలిసినట్టేనమ్మా. పొద్దునొక చెంబుడు తీసి అమ్ముకోండి."

షెడ్డంతా గొల్లుమంది. భర్త కూడా నవ్వాడు. "మా యమ్మా అదే అంటాందన్నా. ఈరన్న సామి దయ, ఎవురికీ సెప్పాకు, దిష్టి తగుల్తాది అంటాంది."

ఆమె మాత్రం నవ్వలేదు. "నగితే నగండి గానీ, ఒక్కసారి సూడండి సార్."

చూశాను. ఆయిలు కొలిచే కడ్డీ తుడిచి, ముంచి, తీసి చూశాను. గీతకు బెత్తెడు పైన ఉంది. ఆ కడ్డీని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని ఉంటే ఈ కథ లేదు. చెవితో జబ్బు చెప్పే మహా వైద్యుడికి ముక్కు వాడడం నామోషీ అయింది కాబోలు. ఎవరో ఎక్కువ పోసుంటారమ్మా, తక్కువైతే భయపడాలి గానీ ఎక్కువైతే ఏం కాదన్నాను. నిండుగా ఉంది గనక ఇప్పట్లో మార్చే పని కూడా లేదని ఒక ఉచిత సలహా కలిపాను.

డబ్బా తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. "కంపెనీవోళ్లు పెట్టింది మనమేంటికి తీయాల? రేపు ఏమన్నా అయితే?"

"ఏమన్నా అయితే నన్నడుగమ్మా. నేనుండాను గదా," అన్నాను. నా పేరు చూసి ఆ మాటకు ఆమె తల ఊపింది.

ఆదివారం డాక్టరు వచ్చాడు, యజమాని గుడికి పోయాడు. సాయంత్రానికి డబ్బా ఉత్తదైపోయింది. బండి స్టార్టు చేయగానే నల్లటి పొగ గుప్పుమని లేచింది. భర్త మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు సూడన్నా, గండు బండి అంటే ఇదీ," అన్నాడు. మా ప్రాంతంలో పొగ లేని బండికి బలముందంటే ఎవరూ నమ్మరు. నేను కూడా చేతులు తుడుచుకుంటూ, మంచి పని చేసినవాడి మొహం పెట్టాను. ఆమె ఒక్కత్తే పొగకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది.

ముంగారు వాన పడింది. ఊరంతా ఒకేసారి భూమి దున్నించుకోవాలి. ఆ బండికి దమ్ము తీసుకునే సందు లేదు. పొద్దున్నించి పొద్దుగూకే దాకా రోటవేటర్ తిరుగుతూనే ఉంది. మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. బండి నడిమి చేలో ఠకఠకమని కొట్టుకుని ఆగిపోయింది, మళ్లీ కదలడం లేదు.

నేను బైకేసుకుని పోయాను. దున్నిన సగం నల్లగా, దున్నని సగం తెల్లగా ఉన్న చేలో బండి నిలబడి ఉంది. గట్టు మీద తమ వంతు కోసం వచ్చిన రైతులు నలుగురు. నేను కింద పడుకుని డ్రెయిన్ బోల్టు విప్పాను. ఆయిలు జారలేదు, నీళ్లలా బుళక్కున దూకింది. ముక్కు దగ్గర పెట్టుకోనవసరం లేకుండానే డీజిల్ వాసన కొట్టింది.

అప్పుడు నాకు వరసగా అన్నీ అర్థమయ్యాయి. మసిని కాల్చడానికి ఇంజన్ కొంచెం డీజిల్ ఎక్కువగా చిమ్ముకుంటుంది. ఆ పని పూర్తి కాకుండా మాటిమాటికీ ఆపేస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్లో కలుస్తుంది. పెరిగింది ఆయిలు కాదు, డీజిలు. పలచబడిన ఆయిల్‌తో బరువు పని చేసి చేసి బేరింగులు అరిగి క్రాంకు పట్టేసింది. ఇంజన్ చచ్చింది డబ్బా తీసినందుకు కాదు. ఆరోజు ఆయిలు మార్చి, బటన్ నొక్కితే అరగంట ఎవరు తిట్టినా ఆపొద్దని భర్తకు గట్టిగా చెప్పి ఉంటే, డబ్బా ఉన్నా ఇబ్బంది లేదు, బండి ఇప్పటికీ తిరుగుతుండేది. వ్యాధి ఏమిటో ఆమె చెప్పింది. వైద్యుడు జోకు వేశాడు.

బండిని లాక్కొచ్చి షెడ్డులో పెట్టాం. ఇంజన్ మొత్తం మార్చాలి. వారంటీ ఇంకా ఉంది. వారంటీ చూసే కంపెనీ మనిషి వస్తున్నాడని తెలిసి, ఆ రోజు పొద్దున యజమాని నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "నీకు ఇంక రెండు నెలలే ఉండేది. మర్యాదగా దిగిపో. నన్ను ఇరికించాకు," అన్నాడు.

కంపెనీ మనిషి చిన్నవాడు, మర్యాదస్తుడు. మోకాళ్ల మీద కూర్చుని డబ్బాను వేలితో కొట్టి చూశాడు. ఉత్త డబ్బా మోత మోగింది. కొత్త వెల్డింగు గీత మీద గోరు పెట్టి రంగు గీకాడు. లేచి, దంపతులను, నన్ను, యజమానిని చూశాడు.

"వీళ్లు బయట తీయించి ఉంటే వారంటీ లేదు, వీళ్లే భరించాలి. ఈ షెడ్డులోనే తీసి ఉంటే ఇంజన్ ఈ షోరూం పెట్టివ్వాలి. ఎక్కడ తీశారు?"

భర్త నా దిక్కు చూసి తల దించుకున్నాడు. ఆమె దించుకోలేదు.

"ఈడనే తీసినారు సార్. ఆదివారం. ఈ సారే దగ్గరుండి తీయించినాడు. ఏమన్నా అయితే నన్నడుగు అన్నాడు. అడుగుతాండాను."

కంపెనీ మనిషి నన్ను అడిగాడు. తొందరపెట్టలేదు. "నిజమేనా సార్? మీరు సీనియర్, మీరు చెప్పిందే రాసుకుంటాను."

అంత సూటిగా, అంత గౌరవంగా నన్ను ఎవరూ ప్రశ్న అడగలేదు. అవునని అంటే సరిపోయేది. యజమాని దగ్గాడు. "మా షెడ్డులో అట్లాంటి పని జరగదు సార్," అన్నాను. అక్కడితో ఆగినా కొంత నయం. "బళ్లారి దిక్కు నుంచి ఒకతను వచ్చి చేస్తుంటాడని విన్నాను," అని కూడా చెప్పాను. అబద్ధంలో కాస్త నిజం కలిపితే గొంతు వణకదని ఆ రోజే తెలిసింది.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. భర్త మోచెయ్యి పట్టుకుని, "పా," అంది. ఇద్దరూ బస్టాండు దిక్కు నడిచిపోయారు. నాకు ఆ పూట అన్నం సయించలేదని రాస్తే మీరు జాలి పడతారు. సయించింది. మామూలుగానే తిన్నాను, మామూలుగానే పడుకున్నాను. అదే నాకు ఇప్పటికీ రోత పుట్టిస్తుంది.

రెండు నెలలకు నన్ను సాగనంపారు. శాలువా, పూలదండ, వెండి పూత పూసిన చిన్న ట్రాక్టర్ బొమ్మ. యజమాని మైకు పట్టుకుని, నిజాయితీ అంటే ఈయనను చూసి నేర్చుకోవాలి అన్నాడు. ఆ సభలో నిజాయితీగా ఉన్నది మైకు ఒక్కటే, అది మధ్యలో కీచుమని అరిచి ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను.

కుర్రాళ్లూ, డబ్బా తీయాలా వద్దా అని మీరు అడిగేదానికి నా జవాబు చిన్నది. ముందు కడ్డీ తీసి వాసన చూడండి. బండి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఎవరో కనుక్కుని, వాళ్లు చెప్పేది నవ్వకుండా వినండి. ఆ తర్వాత కూడా తీయాలనిపిస్తే, జాబ్ కార్డు మీద ఈ డబ్బా నేనే తీశాను అని రాసి మీ సంతకం పెట్టండి. నాకు తెలిసి అప్పుడు మీలో ఎవరి చెయ్యీ బోల్టు మీదికి పోదు.

ఆ ఏడు వాళ్లు సుగ్గికి పోయారు. తిరిగొచ్చారని తెలిశాక, ఎండలు ముదిరిన రోజుల్లో నేను కోసిగి బస్సెక్కి వాళ్ల ఊరు పోయాను. ఇంటి పక్కన ఇంజన్ లేని బండి ఇటుకల మీద నిలబడి ఉంది. ఆమె వాకిట్లో కూర్చుని కొబ్బరినూనె చేతులకు రుద్దుకుంటోంది. మిరపకాయల మంటకు వేళ్ల చర్మం ఊడిపోయింది. నన్ను చూసి లేచి మంచం వాల్చి, కూర్చోమంది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను.

ఆమె కోపంగా చూడలేదు. నాకు తెలియని విషయమొకటి నాకు చెబుతున్నట్టు నిదానంగా అంది.

"అది నాకు తెల్సు గదా సార్. నాకేంటికి సెప్తావు? ఆ పొద్దు ఆయప్ప అడిగినాడే, ఆయప్పకు సెప్పాల్సింది."

మర్నాడే ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టి, కంపెనీకి పంపాను. నెల తర్వాత జవాబొచ్చింది. నేను ఇప్పుడు ఉద్యోగిని కాను గనక నా మాటను ఆధారంగా తీసుకోలేమని, నా శేష జీవితం ఆనందంగా సాగాలని రాశారు. మొన్న పత్తి తీతలు అయిపోయాక వాళ్లు మళ్లీ గుంటూరు బయలుదేరారు. పెద్ద పిల్లకు ఈసారి పదో తరగతి. ఆ పిల్ల కూడా వాళ్ల వెంట పోయింది.